కార్నివోరా క్రమం: నక్క, గుంటనక్క, ఎలుగుబంటి

ఉద్దేశాలు
ఈ భాగం చదివిన తరువాత మీరు:
• కార్నివోరా క్రమానికి ఆధారమైన లక్షణాన్ని వివరించగలరు.
• నక్కకు, గుంటనక్కకు గల తేడాలు చెప్పగలరు.
• ఎలుగుబంటి ప్రత్యేక లక్షణాలను దాని ఆహారంతో, ప్రవర్తనతో ముడిపెట్టి చెప్పగలరు.

1. పరిచయం
ఎలుగుబంటి ముఖ్యంగా చెదపురుగులు, చీమలు, తేనె, పండ్లు తింటుంది. అయినా పులి, తోడేలు ఉన్న కార్నివోరా క్రమంలోనే దానిని చేర్చారు. ఎందుకు? కార్నివోరా అంటే 'మాంసాహారులు' అని అర్థమే కాని, ఇక్కడ ఆ పేరు వంశాన్ని తెలుపుతుంది, తిండిని కాదు. ఈ క్రమపు పూర్వీకులలో పై దవడ నాలుగో అగ్రచర్వణకం, కింది దవడ మొదటి చర్వణకం కత్తెర అంచుల్లా ఒకదానికొకటి రాసుకుంటూ మాంసాన్ని కోసేవి. పిల్లి కుటుంబంలో ఈ కోతపళ్లు మరింత పదునెక్కాయి. ఎలుగుబంట్లలో ఆ పదును తగ్గి, వెనుక పళ్లు నమలడానికి అనువుగా వెడల్పయ్యాయి. ఆహారం మారింది, వంశం మారలేదు.

2. కుక్క కుటుంబం (కానిడే)
తెలుగులో ఈ రెండు జంతువుల పేర్లను తరచు కలిపేస్తుంటాం. రాత్రివేళ ఊళ వేసే నక్క శాస్త్రనామం కానిస్ ఆరియస్. ఇది తోడేలుకు దగ్గరి బంధువు. బరువు సుమారు 8 నుంచి 11 కిలోలు. పంచతంత్రంలోని కరటక దమనకులు ఈ నక్కలే. గుంటనక్క (వల్పస్ బెంగాలెన్సిస్) వేరే ప్రజాతికి చెందినది. బరువు 2 నుంచి 4 కిలోలే. చెవులు పెద్దవి, కుచ్చుతోక కొన నల్లగా ఉంటుంది. మెట్ట బీళ్లలో బొరియలు తవ్వుకొని, ఆడ మగ జంటగా పిల్లలను సాకుతాయి. ఎలుకలు, మిడతలు, చెదలు, రేగుపండ్లు దీని ఆహారం. ఎలుకలను తినడం వల్ల రైతుకు మేలు చేస్తుంది. బీడును 'పనికిరాని భూమి'గా లెక్కగట్టి దున్నేస్తే మొదట నిలువ నీడ పోయేది దీనికే.

3. ఎలుగుబంటి (ఉర్సిడే)
మన అడవుల ఎలుగుబంటి శాస్త్రనామం మెలుర్సస్ ఉర్సైనస్. 1791లో జార్జ్ షా దీని పొడవాటి గోళ్లను చూసి, దక్షిణ అమెరికాలో చెట్లకు వేలాడే స్లాత్ అనే జంతువుకు బంధువనుకొని ఆ ప్రజాతిలో చేర్చాడు. ఇంగ్లీషులో దీనిని నేటికీ 'స్లాత్ బేర్' అంటారు. బాహ్యరూపం ఒక్కటే చూసి వర్గీకరిస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

దీని నోరు చెదలు తినడానికి తగినట్లు రూపొందింది. పై దవడ మధ్యలోని రెండు కుంతకాలు ఉండవు. అందుకే ఇతర ఎలుగుబంట్లకు 42 పళ్లుంటే దీనికి 40 మాత్రమే. గోళ్లతో పుట్టను పగలగొట్టి, ముక్కుపుటాలు మూసుకొని, పెదవులను గొట్టంలా చాచి ఆ ఖాళీ గుండా చెదలను పీల్చుకుంటుంది. ఈ చప్పుడు నూరు మీటర్లకు పైగా వినిపిస్తుంది. తల్లి పిల్లలను వీపుమీద మోసుకొని తిరుగుతుంది. చలిదేశాల ఎలుగుబంట్ల వలె ఇది శీతాకాల నిద్రకు పోదు.

4. మనిషితో ఘర్షణ
దీనికి వాసన పసిగట్టే శక్తి ఎక్కువ, చూపు తక్కువ. పుట్టలో మూతి పెట్టి పీల్చే వేళ మనిషి అలికిడి గమనించకపోవచ్చు. హఠాత్తుగా ఎదురుపడితే పారిపోవడానికి బదులు మీద పడుతుంది. పులులున్న అడవిలో ఎదురుతిరగడమే దీని ఆత్మరక్షణ. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూలు రాలే తెల్లవారుజామున ఏరుకొనేవారూ ఎలుగుబంటీ ఒకే చెట్టు కిందికి వస్తారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటల్లోకి కూడా ఇవి వస్తుంటాయి. ఒంటరిగా కాక గుంపుగా, గట్టిగా మాట్లాడుకుంటూ, వెలుతురు వచ్చాక వెళ్లడం ఇద్దరికీ క్షేమం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఎలుగుబంటి ఉంది. దానిని చంపడం నేరం.

5. సారాంశం
ఒక క్రమంలోని జంతువులను కలిపేది పూర్వీకుల నుంచి వచ్చిన నిర్మాణం. వాటిని వేరుచేసేది ఆహారానికి, ఆవాసానికి తగినట్లు వచ్చిన మార్పు. ఆ మార్పును అర్థం చేసుకుంటే జంతువు ప్రవర్తన కూడా అర్థమవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. చెదలు తినే ఎలుగుబంటిని కార్నివోరాలో ఎందుకు చేర్చారు?
2. నక్క, గుంటనక్కలను ఏ లక్షణాలతో గుర్తుపడతారు?
3. మీ ప్రాంతంలో ఈ మూడింటిలో వేటిని ఏ పేర్లతో పిలుస్తారో పెద్దలనడిగి రాయండి.