ధూళిని పట్టు విద్య

అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రమున, ఫీనిక్స్ నగర పరిసరములందలి మారికోపా కమ్యూనిటీ కళాశాలలు ఇంటెల్ సంస్థతో కలిసి 2022వ సంవత్సరమున ఆరంభించిన శిక్షణ, దినమునకు నాలుగేసి గంటల చొప్పున పది దినములలో ముగియునని ఎచ్చటనో చదివిన పాఠకులొకరు, సెమీకండక్టరు ఫ్యాక్టరీలో టెక్నీషియను ఉద్యోగమునకు పది దినముల చదువు చాలునా, అంత స్వల్పకాలమున ఏమి నేర్పుదురు అని అడిగినారు. ప్రశ్నలో అపనమ్మకము ధ్వనించుచున్నది; అది సహజమే. కాని ఆ పది దినములలో నేర్పు విషయములలో ఒకటి నన్ను చిరకాలముగా వదలక పట్టుకొనియున్నది గనుక, తక్కినవానిని త్వరత్వరగా దాటి దానియొద్దకే పోవుదునని ముందుగానే మనవి చేయుచున్నాను.

చిప్పులకు ఆధారము వేఫరను పలుచని సిలికాను బిళ్ళ. నేటి పెద్ద ఫ్యాక్టరీలలో దాని వ్యాసము 300 మిల్లీమీటర్లు. దానిపై పొరలు పరచుట, కాంతితో నమూనాలు ముద్రించుట, అక్కరలేనిచోట చెక్కివేయుట అనునవి వందల పర్యాయములు జరుగును. ఇవి యంత్రములు చేయు పనులు. ఆ యంత్రములను కనిపెట్టియుండుట, నియతకాలమున విప్పి శుభ్రపరచుట, అరిగిన భాగములను మార్చుట, వాక్యూము పంపు మొరాయించినపుడు కారణము వెదకుట టెక్నీషియను వంతు. అందుచేత శిక్షణలో పనిముట్లు పట్టుట, కొలతలు తీయుట, భద్రతానియమములు కొద్దికొద్దిగా చెప్పి, తల మొదలు పాదములవరకు కప్పు తెల్లని దుస్తు ధరించుటను అభ్యసింపజేయుదురు. చూచువారికిది నాటకములోని వేషధారణవలె తోచవచ్చును. నా దృష్టిలో ఆ చదువునకు ఆయువుపట్టు ఇదియే.

ఏలయన, ఆ ఫ్యాక్టరీలో మనుష్యునికన్న మలినమైన వస్తువు మరియొకటి లేదు. కదలక కూర్చున్నవాని దేహమునుండి సైతము నిమిషమునకు లక్ష సూక్ష్మరేణువులు రాలునని ఆ రంగమువారు ఉటంకించు లెక్క. నడచినచో అవి లక్షలకు లక్షలగును. నేటి చిప్పులలోని అత్యంత సూక్ష్మములైన తీగలు మైక్రానులో పదవవంతుకన్న సన్నములు గనుక, కంటికే కాదు, సామాన్యమైన సూక్ష్మదర్శినికిని అందని రేణువు వానిపై పడినను ఆ చిప్పు వ్యర్థమే. అందుకే ప్రథమశ్రేణి శుద్ధగదిలో ఘనమీటరు గాలియందు మైక్రానులో పదవవంతు గాని, అంతకు మించి గాని పరిమాణముగల రేణువులు పదికి మించరాదని అంతర్జాతీయ ప్రమాణము విధించినది.

ఇట్టి గదిని సాధ్యము చేసినవాడు విల్లిస్ విట్‌ఫీల్డ్. న్యూమెక్సికోలోని సాండియా ప్రయోగశాలలో పనిచేయుచు, 1960లో ఆయన తలపెట్టిన ఉపాయము ఎంత సరళమైనదనగా, ఇది మరెవ్వరికిని ముందే ఏల తోచలేదా యనిపించును. అంతకుముందువారు గదిని బిగించి, తుడిచి, ఊడ్చి శుద్ధి చేయబూనిరి. ఊడ్చిన కొలది ధూళి సుడులు తిరిగి మరల లేచుచుండెను. విట్‌ఫీల్డ్ ఊడ్చు పనిని గాలికే అప్పగించెను. కప్పునుండి నేలకు, వడపోసిన గాలి సుడులు లేక, సెకనునకు అరమీటరునకు కొంచెము తక్కువ వేగమున నెమ్మదిగా దిగుచుండినచో, పుట్టిన ధూళి పుట్టినట్లే క్రిందికి పోవును. అప్పటి శుద్ధగదులకంటె ఆ గది వేయిరెట్లు నిర్మలముగా ఉండెను.

ఇక ఆ గాలిని వడపోయు జల్లెడ సంగతి. జల్లెడ యంటిని గాని, అది జల్లెడ కాదు; ఇచ్చటనే లోకమంతయు పొరబడినది. గాజుపోగులు చిందరవందరగా పేర్చిన ఆ వడపోతలో పోగులకు నడుమ సందులు, అది పట్టు రేణువులకంటె అనేకరెట్లు పెద్దవి. పట్టు విధమును తెలియుటకు సముద్రతీరమందలి సరుగుడుతోటలోనికి గాలి చొచ్చుటను ఊహింపుడు. గాలి ప్రతి మ్రానును ఒరసికొనుచు ప్రక్కకు తొలగిపోవును. గాలితో కొట్టుకొనివచ్చు బరువైన గులకరాయి అట్లు మలుపు తిరుగలేక సూటిగా పోయి మ్రానును తాకును. పెద్ద రేణువులకు పట్టు గతి ఇదియే, దీనికి మూలము జడత్వము. మిక్కిలి చిన్న రేణువునకు జడత్వము లేనట్లే, కాని నిలుకడయు లేదు. గాలి అణువులు నలుదెసల ఢీకొట్టుచుండగా అది మత్తెక్కినవానివలె తూలుచు, ఎన్ని సందులున్నను, ఏదో యొక మ్రానునకు తగులుకొనక మానదు. ఎంత చిన్నదైన అంత తూలును. ఎంత తూలిన అంత సులువుగా పట్టుబడును!

కనుక తప్పించుకొనువాడు మధ్యముడు: సూటిగా పోవుటకు చాలినంత బరువు లేక, తూలుటకు చాలినంత లేతదనము లేక, గాలి వెంట వినయముగా వంకలు తిరుగువాడు. వాని పరిమాణము రమారమి 0.3 మైక్రాను. వడపోత పరీక్షను ఆ పరిమాణముతోనే చేసి, 99.97 శాతము పట్టినదనుటలోని మర్మమిది. కష్టతమమైన శత్రువుపై ఆ గెలుపు గనుక, అంతకు చిన్నవానిపైనను, పెద్దవానిపైనను గెలుపు ఇంకను హెచ్చు. 2020లో కరోనా వైరస్ 0.1 మైక్రానే గదా, మాస్కు దానిని ఆపజాలదని అనేకులు ఘంటాపథముగా చెప్పుట విన్నపుడు నాకు కలిగిన చిరాకు అంతింత కాదు.

పెద్దలును పొరబడిరి. నోబెల్ గ్రహీత ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ రెండవ ప్రపంచయుద్ధకాలమున విషధూమముల వడపోతకు గణితము కట్టి 0.3 మైక్రాను విషయము గ్రహించియు, జడత్వమును ఉపేక్షించెను. దాని ప్రాముఖ్యమును 1951లో రామ్‌స్కిల్, ఆండర్సన్ అనువారు చూపిరి. తూలుడు సంగతి ఇంకను పూర్వపుది. 1827లో రాబర్ట్ బ్రౌన్ నీటిలో పుప్పొడినుండి వెలువడిన రేణువుల నృత్యమును చూచి, ఇది జీవశక్తియేమో యని మొదట తలచి, పిమ్మట నిర్జీవమైన రాతిపొడియు నట్లే నర్తించుట గని ఆ తలపును వీడెను. కారణమును 1905లో ఐన్‌స్టీన్ వివరించెను.

ఇప్పుడు ఆ వేషధారణ అర్థవంతమగును. తలకప్పు మొదట, అంగీ తరువాత, పాదకవచములు పిమ్మట. పైనుండి క్రిందికి, విట్‌ఫీల్డ్ గాలి దిగు దిశనే. క్రమము తప్పినచో తలనుండి రాలినది తొడిగిన దుస్తుపై పడును. ముఖమునకు పౌడరు పనికిరాదు. మనవారి కుంకుమ, విభూతి అంతకన్నను పనికిరావు.

ఉద్యోగముల మాట అడుగుదురని ఎరుగుదును. అది నాకు రుచించని అధ్యాయము. పది దినములు తలుపు తట్టుట నేర్పునే గాని, తలుపు తెరచువారు వేరు. ఇంటెల్ సంస్థయే 2024 ఆగస్టులో సుమారు పదునైదువేల ఉద్యోగములను తగ్గింతుమని ప్రకటించినది. యంత్రమును స్వయముగా బాగుచేయు స్థాయికి ఇంకను నెలలు, కొన్నిచోట్ల ఏండ్లు పట్టును. 2025 ఆగస్టులో కేంద్రమంత్రివర్గము ఆంధ్రప్రదేశ్‌లో ఒక చిప్పుల ప్యాకేజింగు కర్మాగారమును ఆమోదించినది గనుక, స్వల్పకాల శిక్షణ పేరిట బోర్డులు మన ఊళ్ళలోను లేవవచ్చును. రుసుము కట్టుటకు ముందు, అచ్చట దుస్తు మార్చుకొను శుద్ధగదియు, విప్పి బిగించుటకు ఒక నిజమైన వాక్యూము పంపును ఉన్నవో లేవో చూడుడు. రెండును లేనిచోట రూకలు కట్టకుడు.