కూతురని తక్కువ చేయని ఇల్లు



సినిమా నటి సంగతి సంఘ పత్రికలో ఎందుకని కొందరు అడగవచ్చు. అన్నిటినీ పరీక్షించి మంచిని పట్టుకొమ్మని పౌలు థెస్సలొనీక సంఘానికి నేర్పాడు గదా! ఆ మనస్సుతో దీనిని చదవండి.

ఎమ్మా వాట్సన్ ఇంగ్లండు దేశపు నటి. 1990లో జన్మించారు. 2001 నుండి 2011 వరకు వచ్చిన ఎనిమిది హ్యారీ పోటర్ చిత్రాలలో హెర్మయనీ అనే తెలివైన చదువరి బాలికగా నటించి లోకమంతటా పేరు పొందారు. పేరు, ధనము వచ్చినా చదువు విడువలేదు. 2014లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో ఆంగ్ల సాహిత్యంలో పట్టా పొందారు. ఆ యేడే ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం ఆమెను తన సౌహార్ద రాయబారిగా నియమించింది.

2014 సెప్టెంబరు 20న న్యూయార్కులో ఆమె చేసిన ప్రసంగం చాలామందిని కదిలించింది. స్త్రీల సమానత్వం పురుషుల బాధ్యత కూడా అని ఆమె వారిని ఆహ్వానించారు. తన భయాన్ని దాచుకోలేదు. కూతురుగా పుట్టినందుకు తల్లిదండ్రులు తనను తక్కువగా ప్రేమించలేదనీ, ఆడపిల్లవని బడి తనను ఆపలేదనీ కృతజ్ఞతతో చెప్పారు. ఆమె ధైర్యానికి వేరు ఆ ఇంటిలోనే ఉన్నది.

2016లో ఆమె ఆఫ్రికాలోని మలావి దేశానికి వెళ్లారు. అక్కడి ప్రజలలో ఎక్కువమంది క్రైస్తవులే. పెండ్లికి 18 ఏండ్లు నిండాలని 2015లో అక్కడ చట్టం చేశారు. అయినా తల్లిదండ్రులు ఒప్పుకుంటే 15 ఏండ్లకే చేయవచ్చుననే వీలు రాజ్యాంగంలో 2017 వరకు నిలిచిపోయింది. డెడ్జా జిల్లాలో థెరీసా కచిందమోటో అనే సంప్రదాయ పెద్ద వందలాది బాల్యవివాహాలను రద్దు చేసి, ఆ బాలికలను తిరిగి బడికి పంపారు. ఎమ్మా ఆమెను, అలా బడికి తిరిగి వచ్చిన బాలికలను కలుసుకున్నారు. చట్టం కాగితం మీద ఉంటే చాలదు. ఊరి పెద్ద ఒకరు లేచి నిలబడాలి.

సంఖ్యాకాండము 27వ అధ్యాయంలో సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు మోషే యెదుట, సర్వసమాజము యెదుట నిలిచి తమ తండ్రి స్వాస్థ్యము అడిగారు. మోషే వారిని గద్దించలేదు. వారి మాటను దేవుని సన్నిధికి తీసుకుపోయాడు. వారు అడిగినది న్యాయమేనని దేవుడు తీర్పు చెప్పాడు.

మరి మన సంగతి? కొడుకు పుడితే కృతజ్ఞతా కూటము పెట్టి, రెండవ కాన్పులోనూ కూతురే అయితే కాపరికి కబురైనా పంపని ఇండ్లు నాకు తెలుసు. పదవ తరగతి కాగానే అమ్మాయికి సంబంధం చూడమని వచ్చే తండ్రులూ ఉన్నారు. ఇతరులను అనడమెందుకు? భోజనమయ్యాక కంచాలు తీయమని నేనూ కూతురినే పిలిచేవాడిని. కొడుకు కూర్చునే ఉండేవాడు. ఒకనాడు నా కూతురు, “నాన్నగారూ, తమ్ముడికి చేతులు లేవా?” అని అడిగింది. ఆ రోజు నా ప్రసంగాలన్నీ నాకే చిన్నవిగా కనిపించాయి. అప్పటినుండి మా ఇంట్లో కంచాలు ఇద్దరూ తీస్తారు, నేనూ తీస్తాను.

తండ్రులారా, సంఘ పెద్దలారా, మీ కుమార్తె రేపు నలుగురిలో నిలిచి మాట్లాడే రోజు వస్తే, తన ఇంటిని గురించి ఏమి చెబుతుంది? కృతజ్ఞతతో చెప్పగలిగేలా ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆమె పేరు కూడా ఎత్తి దేవుని స్తుతించండి. ప్రభువు అట్టి కృపను మన ఇండ్లకు దయచేయును గాక. ఆమేన్.