ప్రేమవిందుకు వచ్చిన కోళ్లు

ఆ యేడు ఈస్టరుకు ముందురోజు మధ్యాహ్నము మా సంఘ ప్రేమవిందుకు కోళ్లు తెప్పించాము. ముదిగొండ ఎండల సంగతి మీకు తెలియనిది కాదు. ట్రాలీ ఆటోలోనుండి బుట్టలు దింపుతూ ఉండగా అడుగు బుట్టలో ఏడు కోళ్లు చచ్చి ఉన్నాయి. మిగిలినవి నోళ్లు తెరచి ఒగరుస్తున్నాయి. చచ్చినవాటి డబ్బు తగ్గించుకోమని బేరమాడాము, అంతే. "వాటికి నీళ్లు పెట్టరా?" అని సండేస్కూలు పిల్ల ఒకతె అడిగేవరకు ఆ మాట మాలో ఎవరికీ తోచలేదు.

ప్రియ పాఠకులారా, కోడికి చెమట పట్టదు. నోరు తెరచి ఒగర్చడము, రెక్కలు ఎడముచేసి గాలి తగలనివ్వడము, ఇవే దానికున్న ఉపాయములు. కిక్కిరిసిన బుట్టలో రెక్క విప్పే చోటేదీ? 2015 మే నెల వడగాడ్పులకు తెలుగునాట షెడ్లలో నీడన ఉన్న కోళ్లే పెద్ద సంఖ్యలో చచ్చిపోయాయి. ఇక కాళ్లు కట్టి సైకిలు హ్యాండిలుకు తలక్రిందులుగా వ్రేలాడదీసిన కోడి సంగతి చెప్పాలా! దాని పొట్టలోని బరువంతా గాలితిత్తుల మీద పడి ఊపిరి కష్టమవుతుంది. సంత నుండి మనమూ అలాగే తెచ్చుకున్నవారమే.

మాంసము తినవచ్చునా కూడదా అనే తర్కము ఇక్కడ ఎత్తడం లేదు. నోవహుకు దొరికిన అనుమతి మనకు తెలుసు. అయితే గూటిలో పిల్లలతో ఉన్న తల్లిపక్షిని పట్టవద్దని, కళ్లములో నూర్చే ఎద్దు మూతికి చిక్కము వేయవద్దని ద్వితీయోపదేశకాండములోనే ఉన్నది.

1824లో లండనులో పశుహింసా నివారణ సంఘము పుట్టినది ఆర్థర్ బ్రూమ్ అనే పాదిరిగారి పూనికతోనే. బానిస వ్యాపారమును ఎదిరించిన విల్బర్‌ఫోర్స్ గారు స్థాపకులలో ఒకరు. ఆ సంఘము సంతలకు, కబేళాలకు మనుషులను పంపి పశువులను ఎలా చూస్తున్నారో కనిపెట్టించింది. దాని అప్పులకు బ్రూమ్ గారు 1826లో చెరసాలకు కూడా వెళ్లారు.

మన దేశములో 1960 నాటి చట్టము ప్రకారము ప్రాణికి బాధ కలిగేలా మోసుకుపోవడము నేరము. మొదటి తప్పుకు జరిమానా 10 నుండి 50 రూపాయలు! ఆ సొమ్ముకు అరకిలో కోడిమాంసము కూడా రాదు. గుడ్లు పెట్టే కోళ్లను తీగ బోనులలో ఇరికించడము గూర్చి 2017లో లా కమిషన్ 269వ నివేదిక ఇచ్చింది. ఐరోపా కూటమి దేశములు అటువంటి వట్టి బోనులను 2012 నుండి నిషేధించాయి. ఫారము యజమానిని తిట్టడము తేలిక. గుడ్డు ఇంకా చౌకగా కావాలని అడిగేది మాత్రము మనమే.

మరుసటి ఈస్టరుకు కోళ్లను తెల్లవారుజామున తెప్పించాము. బుట్టకు తక్కువ వేయమన్నందున ఆటో రెండుసార్లు తిరిగింది. కిరాయి పెరిగిందని కమిటీలో కొందరు గొణిగారు. కూర కొంచెము తగ్గింది, పప్పుచారు పెరిగింది. ఒక్క కోడీ దారిలో చావలేదు. ఆ పిల్ల మాత్రము మమ్మును నమ్మక, నీళ్ల గిన్నె పట్టుకొని ముందే గేటు దగ్గర నిలుచుంది.