చిన్న పలక, స్వేచ్ఛా వ్యవస్థ

1984 లో భారత ప్రభుత్వం ‘క్లాస్’ అనే ప్రయోగాత్మక పథకాన్ని ప్రారంభించింది. పాఠశాల విద్యార్థులకు కంప్యూటరు పరిజ్ఞానాన్ని పరిచయం చేయడం దాని ఉద్దేశం. తొలి దశలో దేశంలోని సుమారు 250 పాఠశాలలకు బీబీసీ మైక్రో అనే చిన్న కంప్యూటర్లు చేరాయి. బ్రిటిష్ ప్రసార సంస్థ చేపట్టిన కంప్యూటరు అక్షరాస్యతా కార్యక్రమం కోసం ఏకార్న్ అనే కంపెనీ 1981 లో తయారుచేసిన యంత్రమది. మీట నొక్కిన మరుక్షణమే బేసిక్ భాషలో ఆదేశాలను అందుకొనడానికి అది సిద్ధమయ్యేది. ఆ రోజులలో అది గొప్ప సౌకర్యమే. అయితే ఆ యంత్రాన్ని నడిపించే వ్యవస్థ, చెరిపి వ్రాయడానికి వీలులేని చిప్పులో స్థిరంగా ఉండేది. దానిని విప్పి చదవడానికి, తన అవసరానికి తగినట్లు మార్చుకొనడానికి సామాన్య ఉపాధ్యాయునికి గాని, విద్యార్థికి గాని అవకాశం ఉండేది కాదు.

ఆ ఏకార్న్ కంపెనీ ఇంజనీర్లే 1985 లో ‘ఆర్మ్’ అనే కొత్త ప్రాసెసరును రూపొందించారు. తక్కువ విద్యుత్తుతో పనిచేయడం దాని ప్రత్యేకత. నేటి చేతి ఫోన్లలో అత్యధిక భాగం ఆ వంశానికి చెందిన ప్రాసెసర్లతోనే నడుస్తున్నాయి. పుస్తకాల సంచిలో ఇమిడిపోయే చిన్న బోర్డు కంప్యూటర్లలో పెక్కింటికి కూడా అదే ఆధారం. యంత్రం ఇలా చిన్నదై చౌక అయింది. మరి దానిని నడిపించే వ్యవస్థపై అధికారం ఎవరిది? ఈ ప్రశ్నకు సమాధానం తెలియాలంటే ముందు ఆ బోర్డును, తరువాత దానిపై నడిచే వ్యవస్థను పరిశీలించాలి.

ఒకే పలకపై కంప్యూటరు

ప్రాసెసరు, స్మృతి, తెరకూ కీబోర్డుకూ కావలసిన సంధానాలు, ఇవన్నీ ఒకే పలకపై అమర్చబడి ఉన్న యంత్రమే సింగిల్ బోర్డు కంప్యూటరు. వీటిలో మిక్కిలి ప్రసిద్ధమైనది రాస్ప్‌బెర్రీ పై. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో కంప్యూటరు శాస్త్రం చదవడానికి వచ్చే విద్యార్థుల సంఖ్య, వారి పూర్వానుభవం తగ్గిపోతున్నాయని గమనించిన ఎబెన్ అప్టన్ మొదలైనవారు పిల్లలకు అందుబాటులో ఉండే యంత్రం కావాలని సంకల్పించారు. 2012 ఫిబ్రవరి 29 న తొలి బోర్డు అమ్మకానికి వచ్చింది. దాని ధర 35 డాలర్లు. పరిమాణం ఇంచుమించు బ్యాంకు కార్డంత. ప్రాసెసరు వేగం 700 మెగాహెర్ట్జులు, స్మృతి 256 మెగాబైట్లు. 5 వోల్టుల విద్యుత్తుతో, సుమారు 3.5 వాట్లు మాత్రమే వినియోగించుకొని పనిచేసేది. ఇందులో హార్డ్ డిస్కు ఉండదు. చిన్న మెమరీ కార్డులోనే ఆపరేటింగ్ సిస్టమ్, విద్యార్థి వ్రాసుకొన్న పాఠాలు అన్నీ ఉంటాయి. కార్డు మార్చితే కంప్యూటరే మారినట్లు.

మూలపాఠం చేతిలో ఉంటే

ఏ ప్రోగ్రామునకైనా రెండు రూపాలు ఉంటాయి. మనిషి చదివి అర్థం చేసుకొనగలిగిన మూలపాఠం ఒకటి, దానినే సోర్సు కోడు అంటారు. యంత్రం మాత్రమే గ్రహించగలిగిన అంకెల వరుస రెండవది. స్వరలిపి చేతిలో ఉంటే ఒక కృతిని వీణపైనా, వాయులీనంపైనా సాధన చేయవచ్చు, కావలసిన చోట సంగతులు చేర్చవచ్చు. ధ్వనిముద్రిక మాత్రమే ఉంటే వినగలమే గాని కొత్తగా వాయించుకొనడం కష్టం. మూలపాఠం లేని ప్రోగ్రాము ధ్వనిముద్రిక వంటిది.

మూలపాఠం అందరికీ అందాలన్న ఆశయంతో అమెరికాలో రిచర్డ్ స్టాల్మన్ 1983 లో ‘గ్నూ’ ప్రయత్నాన్ని ప్రకటించారు. ఫిన్లాండులో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991 లో ‘లినక్స్’ అనే కెర్నెల్‌ను, అనగా ప్రాసెసరును, స్మృతిని, పరికరాలను అదుపు చేసే కేంద్ర భాగాన్ని, వెలువరించారు. ఈ రెండింటినీ, వేలాది ఇతర ప్రోగ్రాములనూ కూర్చి ఒక సంపూర్ణ వ్యవస్థగా అందించే స్వచ్ఛంద కృషి ‘డెబియన్’ 1993 లో ఆరంభమైంది. ఈ వ్యవస్థను ఎవరైనా వాడవచ్చు, చదవవచ్చు, మార్చవచ్చు, ఇతరులకు పంచవచ్చు. లినక్స్‌కు వర్తించే అనుమతి పత్రంలో ఒక షరతు కూడా ఉన్నది: మార్చి పంచేవారు తమ మార్పుల మూలపాఠాన్ని కూడా తీసుకొన్నవారికి అందుబాటులో ఉంచాలి.

ఈ స్వేచ్ఛకు ఎంత విలువ ఉన్నదో 2012 లోనే ఋజువైంది. తొలి రాస్ప్‌బెర్రీ పై లోని ప్రాసెసరు కొంత పాత తరానికి చెందినది. దశాంశ గణితాన్ని వేగంగా చేయగల విభాగం అందులో ఉన్నప్పటికీ, ఆ విభాగాన్ని పూర్తిగా వినియోగించుకొనే డెబియన్ రూపం మరింత కొత్త ప్రాసెసర్లకు మాత్రమే ఉద్దేశింపబడినది. పాత ప్రాసెసర్లకు సరిపడే రూపం ఆ విభాగాన్ని సరిగా వాడుకొనదు. అప్పుడు మైక్ థాంప్సన్, పీటర్ గ్రీన్ అనే ఇద్దరు స్వచ్ఛందంగా పూనుకొని, డెబియన్‌లోని వేలాది ప్రోగ్రాముల మూలపాఠాలను ఆ ప్రాసెసరుకు అనుగుణంగా తిరిగి యంత్రభాషలోకి మార్చారు. ఆ విధంగా ‘రాస్ప్‌బియన్’ జన్మించింది. బోర్డు తయారుచేసినవారు దానినే తమ ప్రధాన వ్యవస్థగా స్వీకరించారు. 2020 నుండి వారు అందించే వ్యవస్థ ‘రాస్ప్‌బెర్రీ పై ఓఎస్’ అనే పేరుతో వ్యవహరింపబడుతున్నది. మూలపాఠం దాచబడి ఉంటే ఆ ఇద్దరూ ఎంత నిపుణులైనా చేయగలిగినది ఏమీ ఉండేది కాదు.

యంత్రం మేల్కొనే క్రమం

ఇంతమాత్రాన ఈ బోర్డులో సమస్తమూ బహిరంగమని భావించరాదు. తొలి బోర్డుకు విద్యుత్తు అందగానే ముందుగా మేల్కొనేది ప్రధాన ప్రాసెసరు కాదు, చిత్రాలను చూపే విభాగం. అది కార్డులోని కొన్ని ఆరంభ ప్రోగ్రాములను చదివి, తరువాత లినక్స్ కెర్నెల్‌ను స్మృతిలో ఉంచి, ప్రధాన ప్రాసెసరుకు అధికారం అప్పగిస్తుంది. ఆ ఆరంభ ప్రోగ్రాముల మూలపాఠాన్ని చిప్పు తయారీదారు వెల్లడించలేదు. ఇల్లు మనదే అయినా వీధి తలుపు తాళంచెవి ఇంకొకరి వద్ద ఉన్నట్లు!

మరొక చిక్కు కూడా ఉన్నది. సాధారణ కంప్యూటర్లలో ఏయే పరికరాలు ఉన్నాయో యంత్రమే ఆపరేటింగ్ సిస్టమునకు తెలియజేస్తుంది. చిన్న బోర్డులలో ఆ సదుపాయం సాధారణంగా ఉండదు. ప్రతి బోర్డుకూ ‘డివైస్ ట్రీ’ అనే పరికరాల పట్టికను వేరుగా వ్రాసి కెర్నెల్‌కు అందించాలి. అందువల్ల ఒక బోర్డు కోసం సిద్ధం చేసిన కార్డు వేరొక కంపెనీ బోర్డులో సాధారణంగా పనిచేయదు. కొందరు తయారీదారులు ఏదో ఒక పాత కెర్నెల్‌కు తమ మార్పులు జోడించి బోర్డుతో పాటు ఇచ్చి, ఆపై దానిని పట్టించుకొనరు. భద్రతాలోపాలు బయటపడినా సవరణలు రావు. బోర్డు చెడకపోయినా కొద్ది సంవత్సరాలలో నిరుపయోగమవుతుంది. ఇందుకు భిన్నంగా, 2025 లో వెలువడిన రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ 32 బిట్ల రూపం 2012 నాటి తొలి బోర్డుపై కూడా నడుస్తుంది. కాబట్టి విద్యాసంస్థలు బోర్డు కొనేటప్పుడు ధరను మాత్రమే గాక, దానికి కావలసిన మార్పులు లినక్స్ ప్రధాన మూలపాఠంలో చేరాయా అన్న విషయాన్ని కూడా విచారించాలి.

మన భాషలలో

స్వేచ్ఛా వ్యవస్థ బహుభాషా దేశమైన భారతదేశానికి మరొక విధంగా ఉపకరిస్తున్నది. ఏ భాషకు ఎంత మార్కెట్టు ఉన్నదని లెక్కించకుండా, ఆయా భాషలవారే తమ భాషను అందులో చేర్చుకొనవచ్చు. 1991 లో వెలువడిన యూనికోడ్ తొలి రూపంలోనే తెలుగు లిపికి స్థానం లభించింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన ‘పోతన’, ‘వేమన’ అక్షరరూపాలు డెబియన్ భాండాగారంలో చేరి, చిన్న బోర్డులపై కూడా తెలుగును చదివిస్తున్నాయి. హైదరాబాదు కేంద్రంగా పనిచేస్తున్న ‘స్వేచ్ఛ’ సంస్థ ఆపరేటింగ్ సిస్టమును తెలుగులోకి తెచ్చే కృషి చేసింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ డెబియన్ ఆధారంగానే అనేక భారతీయ భాషలకు అనువైన ‘బాస్’ వ్యవస్థను 2007 లో విడుదల చేసింది. కేరళలో 2001 లో ఆరంభమైన ‘ఐటీ ఎట్ స్కూల్’ కార్యక్రమం క్రమంగా స్వేచ్ఛా సాఫ్టువేరునే పాఠశాలలకు ఆధారం చేసుకొన్నది. అక్కడ మలయాళం కోసం చేసిన సవరణ తెలుగువారికి, ఇక్కడ కనుగొన్న దోషం బెంగాలీలకు ఉపయోగపడవచ్చు. మూలం ఒక్కటే, వాడుకలో భాషలు అనేకం.

పాఠశాలలో పాటించవలసినవి

విద్యుత్తు ఆకస్మికంగా పోవడం ఈ యంత్రాలకు పెద్ద శత్రువు. కార్డుపై వ్రాత జరుగుతున్నప్పుడు కరెంటు పోతే అందులోని సమాచారం చెడిపోవచ్చు. అందుచేత పని ముగియగానే యంత్రాన్ని క్రమపద్ధతిలో ఆపిన తరువాతనే మీట తీయాలి. కరెంటు కోతలు తరచుగా ఉండే చోట, కార్డును చదవడానికి మాత్రమే ఉంచి మార్పులను తాత్కాలిక స్మృతిలో నిలిపే ఏర్పాటు రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లోనే ఉన్నది. అప్పుడు విద్యార్థుల పనిని వేరే పెన్‌డ్రైవులో భద్రపరచాలి. సరిపడినంత విద్యుత్తును ఇవ్వలేని ఫోను ఛార్జర్లను వాడరాదు. అన్నీ సక్రమంగా అమర్చిన కార్డుకు ఒక నకలు తీసి బీరువాలో ఉంచితే, అసలు కార్డు చెడినా పాఠం ఆగదు. ఇలా ఎన్ని నకళ్లు తీసినా ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఇంటర్నెట్ లేని గ్రామ పాఠశాల గ్రంథాలయానికి కూడా ఈ బోర్డు అక్కరకు వస్తుంది. ‘కివిక్స్’ అనే స్వేచ్ఛా ప్రోగ్రాము ద్వారా, 2003 లో ఆరంభమైన తెలుగు వికీపీడియాను ఒకసారి కార్డులో నింపుకొంటే, తరగతిలోని ఇతర కంప్యూటర్లు ఆ చిన్న బోర్డు నుండే దానిని చదువుకొనవచ్చు.

1984 నాటి విద్యార్థి యంత్రాన్ని వాడడం నేర్చుకొన్నాడు. నేటి విద్యార్థికి దాని మూలపాఠాన్ని చదివే హక్కు కూడా లభించింది. ఒక అనువాద దోషాన్ని దిద్దినా, ఒక తెలుగు మాటను చేర్చినా, ఆ మార్పు సమ్మతమైతే మరెక్కడో మరొక విద్యార్థి తెరపై కనిపిస్తుంది. బోర్డు ఆరంభ ప్రోగ్రాముల వంటి తాళంచెవులు కొన్ని ఇంకా మన చేతికి రాలేదు. వాటి విషయం అడిగి తెలుసుకొని మరీ బోర్డును ఎంచుకొనే సంస్థ, పిల్లలకు ఒక వస్తువును గాక ఒక విద్యను అందించినట్లవుతుంది.