వంకాయ వాంగ్మూలం

సాయంత్రం లాలాపేట్‌లో తోపుడు బండి దగ్గర వంకాయలు ఏరుకునేవాళ్లను గమనించండి. కాయను అటూ ఇటూ తిప్పుతారు, తొడిమ దగ్గర నొక్కుతారు. సన్నటి రంధ్రం కనిపించిందా, పక్కన పడేస్తారు. పుచ్చు లేనిదే మంచి కాయ అని మన అమ్మలు నేర్పిన లెక్క.

ఆ రంధ్రం మొవ్వు, కాయ తొలుచు పురుగు పని. అది పడకుండా రైతు మందు కొడతాడు. ఏ మందు కొట్టినా ఇన్ని రోజుల దాకా కాయ కోయకూడదని గడువు ఉంటుంది. వంగ తోటేమో నాలుగైదు రోజులకోసారి కోతకు వస్తుంది. ఆగితే కాయ ముదురుతుంది, ముదిరితే అడిగే నాథుడుండడు. గడువు తీరకుండానే కాయ బజారుకెక్కితే ఆ పాపమంతా రైతు నెత్తినే వేయడానికి నాకు మనసొప్పదు.

లోపల ఏముందో కంటికి తెలియదు. తేల్చగల చోట్లు మాత్రం ఇక్కడికి దగ్గర్లోనే ఉన్నాయి. నాచారంలో రాష్ట్ర ఆహార ప్రయోగశాల ఉంది. తార్నాక వైపు వెళ్తే జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాద్‌కు తరలి వచ్చిన సంస్థ అది.

పురుగుమందుల అవశేషాల పరీక్షకు ఇప్పుడు ప్రపంచమంతా వాడే పద్ధతి 2003లో వెలుగులోకి వచ్చింది. పేరు క్వెచర్స్. కాయల్ని మెత్తగా రుబ్బి, పది పదిహేను గ్రాముల ముద్ద గొట్టంలోకి తీసుకుంటారు. అసిటోనైట్రైల్ పోసి గట్టిగా కుదిపితే మందు ముద్దను వదిలి ద్రావకంలోకి దిగుతుంది. మెగ్నీషియం సల్ఫేట్ నీటిని పీల్చుకుంటుంది. గిర్రున తిప్పి, పైన తేరిన ద్రవాన్ని శుభ్రం చేసి మాస్ స్పెక్ట్రోమీటర్‌కు ఎక్కిస్తే వందల రకాల మందుల జాడ ఒకేసారి బయటపడుతుంది. విడిగా పరిమితి పెట్టని మందుకు మన దేశంలో హద్దు కిలోకు 0.01 మిల్లీగ్రాము. అంటే 100 టన్నుల వంకాయల్లో ఒక్క గ్రాము! అంత చిన్న జాడను కూడా పట్టగల విద్య మన చేతిలో ఉంది.

నా బాధ ఆ తర్వాతి సంగతి గురించి. 2006 ఆహార భద్రత చట్టం ప్రకారం నమూనా అందాక నివేదిక ఇవ్వడానికి విశ్లేషకుడికి 14 రోజుల గడువు. వంకాయ రెండో రోజుకే కూరై కంచంలోకి వచ్చేస్తుంది. పోనీ నివేదికలో తప్పు తేలిందనుకుందాం, ఎవరికి చెప్పాలి? బోయిన్‌పల్లి మార్కెట్లో నాలుగూళ్ల సరుకు ఒకే గుట్టలో కలిసిపోయాక ఏ కాయ ఏ చేనుదో ఎవరికి తెలుసు? మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై కొట్టకూడదని 2005లోనే నిషేధించారు. చేను ఏదో తెలియకపోతే ఆ నిషేధాన్ని అమలు చేసేదెలా?

ఇంట్లో ఉప్పునీళ్లలో కడిగితే పైన అంటుకున్నది కొంత పోతుంది. మొక్క లోపలికి ఇంకిన మందు పోదు.

దారి లేకపోలేదు. పాల్వంచ దగ్గరి పునుకుల రైతులు 2000ల మొదట్లోనే వేప కషాయం, మిర్చి వెల్లుల్లి కషాయంతో పురుగుమందుల్ని ఊరి పొలిమేర దాటించారు. కాయ ఏ చేనుదో తెలిసే చోటూ ఉంది: 1999లో మొదలైన మన రైతుబజార్లలో అమ్మే రైతుకు గుర్తింపు కార్డు ఉంటుంది, ఊరూ పేరూ తెలుస్తాయి. అక్కడ తీసిన నమూనా ఫలితం తిరిగి ఆ చేనుకే చేరుతుంది. శిక్ష కన్నా ముందు సలహా అందుతుంది. ధరల బోర్డు పక్కనే వారం వారం పరీక్ష ఫలితాల బోర్డు కూడా పెట్టాలి. ఈసారి రైతుబజారుకు వెళ్లినప్పుడు కిలో ఎంతని అడిగినట్టే, ఆ బోర్డు ఎప్పుడు పెడతారని ఎస్టేట్ ఆఫీసర్‌ను అడగండి.