పందికి మందు పోసి.. లివర్ లెక్క తేల్చి!

‘మజ్జిగ తాగరా, అరగంటలో దిగిపోద్ది’.. పార్టీ అయ్యాక మా గ్యాంగ్‌లో ఎవడో ఒకడు ఈ డైలాగ్ కొట్టాల్సిందే. నేనూ నమ్మేవాణ్ని. పందుల మీద చేసే ఒక ప్రయోగం గురించి చదివాక గానీ నా భ్రమ వదల్లేదు.

సంగతేంటంటే, లివర్‌లోకి నిమిషానికి ఎంత రక్తం వెళ్తోందో కొలవడం పెద్ద తలనొప్పి. మనిషికైతే సుమారు లీటరున్నర. అందులో ముప్పావు వంతు పేగుల వైపు నుంచి పోర్టల్ సిర తెస్తుంది, మిగతాది ధమని తెస్తుంది. రెండు దారులు! ఈ లెక్క దేనికంటారా? లిడోకెయిన్ లాంటి మందుల్ని లివర్ ఎంత వేగంగా వదిలించుకుంటుందన్నది ఈ ప్రవాహం మీదే ఆధారపడుతుంది. గుండె బలహీనమై ప్రవాహం తగ్గితే, మామూలు డోసే ఎక్కువైపోతుంది.

అందుకే ఓ ఉపాయం. మత్తిచ్చిన పంది (పాపం!) రక్తంలోకి ఆల్కహాల్‌ని కొంచెం కొంచెంగా, ఒకే వేగంతో ఎక్కిస్తారు. కాసేపటికి ఎంత ఎక్కుతోందో అంతే ఖర్చయ్యే స్థితి వస్తుంది. నిమిషానికి 18 మిల్లీగ్రాములు ఎక్కిస్తున్నాం అనుకోండి. లివర్‌లోకి వెళ్లే లీటరు రక్తంలో 20 మిల్లీగ్రాములు, బయటికొచ్చే లీటరులో 2 ఉన్నాయి. అంటే లీటరుకి 18 మాయం. కాబట్టి నిమిషానికి లీటరు రక్తం వెళ్తున్నట్టే! 1870లో అడాల్ఫ్ ఫిక్ గుండె కోసం చెప్పిన సూత్రమే ఇది. ఊపిరిలో, మూత్రంలో పోయే కాస్త ఆల్కహాల్‌ని మాత్రం లెక్కలోంచి తీసేయాలి.

అసలు కిటుకు డోసులో ఉంది. పంతంగి టోల్‌గేట్ గుర్తు తెచ్చుకోండి. మామూలు రోజున ఎన్ని బళ్లొస్తే అన్నీ దాటేస్తాయి. దాటినవి లెక్కపెడితే రోడ్డు మీద రద్దీ ఎంతో తెలిసిపోతుంది. అదే సంక్రాంతికి? వెనక ఎంత క్యూ ఉన్నా, బూత్‌లు పంపగలిగినన్నే వెళ్తాయి. ఆ లెక్క బూత్‌ల స్పీడ్ చెప్తుందే తప్ప రద్దీని చెప్పదు. లివర్‌లో ఆల్కహాల్‌ని విరగ్గొట్టే ఎంజైమ్‌లే ఆ బూత్‌లు. డోసు పెరిగితే అవి నిండిపోతాయి, కొలత పనికిరాదు.

మన దగ్గర డ్రంకెన్ డ్రైవ్ పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. లీటరుకైతే 300. పైన చెప్పిన పందికి ఉన్నదానికి 15 రెట్లు! అక్కడ సంక్రాంతి రద్దీ ఎప్పుడో మొదలైపోయినట్టే. మజ్జిగ, నిమ్మరసం, కాఫీ.. ఏది తాగినా కొత్త బూత్‌లు తెరుచుకోవు.

మొన్న మళ్లీ అదే డైలాగ్ వినపడింది. మజ్జిగ గ్లాసు వాడి చేతిలో పెట్టి, బైక్ తాళాలు నేను తీసేసుకున్నా.