కచె కప్పు కకో… కచూ కద్దాం!

‘కను కవ్వు కసా కయం కత్రం కచె కరు కవు కకు కవ కస్తా కవా?’

మొదటిసారి విన్నవాళ్లకు ఇదేం భాషో అంతుపట్టదు. అచ్చంగా తెలుగే. ప్రతి అక్షరానికి ముందు ఒక ‘క’ చేరిస్తే కభాష. ఆ ‘క’లన్నీ తీసేసి చూడండి: సాయంత్రం చెరువుకు వస్తావా అని ఒక స్నేహితుడు అడుగుతున్నాడు. పెద్దవాళ్లు పక్కనే ఉన్నారు మరి!

సూత్రం ఇంత తేలికైనప్పుడు గుట్టు దాగేదెలా? వేగం వల్ల. నిదానంగా అంటే ఎవరైనా పట్టేస్తారు. గుక్క తిప్పుకోకుండా అనేస్తే కొత్తవాళ్ల చెవికి కకకక తప్ప ఏమీ చిక్కదు. అసలు పరీక్ష ‘క’ ఉన్న మాటల దగ్గరే. కాకరకాయ అనాలంటే ‘కకా కక కర కకా కయ’ అనాలి. అందులో చేర్చిన ‘క’ ఏదో, సొంత ‘క’ ఏదో తేల్చుకునేలోపు అవతలివాళ్లు రెండు వాక్యాలు దాటిపోతారు.

ఈ ఆటలో నాకు గొప్పగా కనిపించేది ఇంకొకటి ఉంది. సాయంత్రం అనే మాటను పిల్లలు సా, యం, త్రం అనే విరుస్తారు. ‘త్రం’ను చీల్చరు, ‘యం’లోని సున్నను పక్కకు నెట్టరు. ఒత్తు ఏ అక్షరానిదో, సున్న ఎవరిదో నాలుకే తేల్చేస్తుంది. ఇంగ్లిషు పిల్లల పిగ్ లాటిన్‌లో మాట మొదట్లోని హల్లు ఊడి చివరికి పోతుంది. మన ఆట అక్షరం జోలికి పోదు. దాన్ని నిండుగా ఉంచి ముందు ఒక కాపలా పెడుతుంది.

తెలుగులో మాటల ఆటలు చాలావాటికి ఈ అక్షరమే కొలత. వికటకవి, ముత్యము, పులుపు, నమ్మిన: వెనక నుంచి చదివినా అవే మాటలు. అవధానంలో నిషిద్ధాక్షరి చూడండి. అవధాని నోట తర్వాత రాబోయే అక్షరాన్ని పృచ్ఛకుడు ఊహించి అది కూడదంటాడు. అవధాని అప్పటికప్పుడు ఇంకో మాట వెతుక్కుని, ఛందస్సు చెడకుండా పద్యాన్ని ముందుకు నడపాలి. తిరుపతి వేంకట కవులు ఊరూరా అవధానాలు చేసి ఈ విద్యను జనం మధ్యకు తెచ్చారు. 16వ శతాబ్దంలో పింగళి సూరన ‘రాఘవపాండవీయం’లో అవే పద్యాలతో రామాయణమూ భారతమూ చెప్పాడు. చెరువుగట్టు పిల్లలకూ ఆ మహాకవులకూ చాలా దూరమే. కానీ మాటను విరిచి చూడాలన్న సరదా ఇద్దరిదీ ఒకటేనని నా నమ్మకం.

పెద్దవాళ్లకూ రహస్య భాషలున్నాయి. పశువుల సంతలో దళారులు ధర పైకి చెప్పరు. చేతుల మీద తువ్వాలు కప్పి, వేళ్లు పట్టుకుని బేరం తెగ్గొడతారు. అక్కడ మూడోవాడికి తెలిస్తే నష్టం. కభాష మూడోవాడికి పట్టుబడితే జట్టులో ఇంకొకరు పెరుగుతారు.

పొడుపు కథ దారి వేరు. కళ్లెదుట ఉన్న వస్తువునే అది దాచేస్తుంది. తలుపులున్నాయి, ఎన్నిసార్లు వేసినా చప్పుడు రాదు అంటే కనురెప్పలు. తిరగలి మీద, కవ్వం మీద కట్టిన కథలకు ఇప్పుడు జవాబు చెప్పినా చాలామంది పిల్లల కళ్లకు బొమ్మ కట్టదు. వస్తువే ఇంట్లో లేదాయె. అంతకన్నా నన్ను బాధపెట్టేది, ఫోన్‌లో వచ్చే పొడుపు కథ కిందే విడుపు కూడా రాసి ఉండటం. ‘తినేదా? ప్రాణం ఉందా? మనింట్లో ఉందా?’ అని ఒకరు గింజుకుంటుంటే, జవాబు తెలిసినవాళ్లు నోరు నొక్కుకుని నవ్వాలి. ఆటంతా ఆ కాసేపట్లోనే ఉంది.

పాత వస్తువులు పోతే కొత్తవాటి మీద కట్టుకోవచ్చు. కాళ్లు లేవు, ఊళ్లన్నిటి కబుర్లూ చెబుతుంది. నోట్లో తాడు పెడితేనే కడుపు నిండుతుంది. ఏమిటది?

విడుపు ఈ సంచికలో ఏ పేజీలోనూ లేదు. తెలిసిపోతే పక్కవాళ్లకు చెప్పేయకండి, కాసేపు గింజుకోనివ్వండి.